జాబితాలో రాయని ఉప్పు

పోయిన నెల నా ప్యాకేజీ ఒకటి చచ్చిపోయింది. మనిషి పోతే చెప్పుకోవడానికి నలుగురుంటారు, పెంచుకున్న కుక్క పోయినా పక్కింటివాళ్ళు వచ్చి అయ్యో పాపం అంటారు. సర్వర్ సాఫ్ట్‌వేర్ పోతే ఎవరికి చెప్పుకోవాలి? దీన్ని వాడేవాళ్ళు లేరు, చూసుకునేవాళ్ళు అంతకన్నా లేరు, అందుకని తీసేస్తున్నాం అని యంత్రం రాసిన రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. దాని కింద పాత చిట్టా, ఏ మార్పు ఎవరు చేశారు అని. అట్టడుగున నా పేరు, దాని పక్కన శ్రీనివాస్ పేరు. ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి చూపించాను. మా అమ్మాయి చూసి, దీనికి డబ్బులిచ్చేవాళ్ళా అని అడిగింది. లేదన్నాను. మరెందుకు చేశావంది. మా ఆయన అన్నం చల్లారిపోతోంది రమ్మన్నాడు. ఇక నాకు మీరే దిక్కు, కూర్చోండి.

ముందు ఆ పనేమిటో చెప్పాలి. లినక్స్ డిస్ట్రిబ్యూషన్ అంటే పెద్ద సంత లాంటిది. ప్రపంచంలో ఎవరెవరో రాసి, ఎవరైనా వాడుకోండి అని వదిలేసిన ప్రోగ్రాములను అందులో ఒకచోట చేరుస్తారు. అవి ఒకదాని కాలు ఒకటి తొక్కకుండా సర్ది, ఎవరైనా ఒక్క ఆజ్ఞతో తమ మెషిన్లోకి దించుకునేలా చేసే పనే ప్యాకేజింగ్. జీతం లేదు, బతిమాలి చేయాలి. ప్రతి ప్యాకేజీకీ ఒక జాబితా కట్టాలి: నేను నడవాలంటే నాతోపాటు ఇంకా ఏమేం కావాలి అని. ఆ జాబితాలో ఒక్కటి తక్కువైనా, ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి మెషిన్లో సర్వర్ లేవదు, ఆయన లేచి మనల్ని తిడతాడు. సగం పని ఆ జాబితాయే. మిగతా సగం తిట్లు పడటం.

ఆ ప్యాకేజీ కట్టిన రోజుల్లో నేను ఎల్బీనగర్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. మా అమ్మకి అక్క. నల్లగొండ జిల్లా పల్లె నుంచి పెద్దబాపు వెంట పట్నం వచ్చి, ఆయన లారీ తోలి తెచ్చిన దాంతో ఒక్కో గదీ కలుపుకుంటూ ఇంటిని పైకి లేపిన మనిషి. పెద్దబాపు పోయాక కింద తనూ నేనూ, పైన ఒక గది కిరాయికి. తెల్లారకముందే లేచి నల్లా దగ్గర బిందె పెట్టి, నీళ్ళు సన్నగా వస్తున్నందుకు బస్తీలో ఒక్కొక్కరినీ పేరు పెట్టి తిట్టేది. ఆ తిట్లకే సందంతా నిద్ర లేచేది. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు, తిట్టకపోతే పెద్దమ్మకి పానం బాగలేదేమోనని చూసిపోయేవాళ్ళు. ఆ తర్వాత చాయ్. పాలు పొంగి పొయ్యి మీద మాడనిదే మా ఇంట్లో చాయ్ కాలేదు. ఈ రోజుకీ మాడిన పాల వాసన వస్తే నాకు లేచి స్నానానికి పరిగెత్తాలనిపిస్తుంది. తొమ్మిదింటికి క్లాసు ఉండేది మరి.

క్లాసు దిల్‌సుఖ్‌నగర్‌లో. మూడో అంతస్తులో ఒక ఇన్‌స్టిట్యూటు, కింద మిర్చి బండి, మెట్ల మీద చెప్పుల గుట్ట, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగులో బ్యాంకు పరీక్షల లెక్కలు మన పిల్లలకు వినబడతాయి. పొద్దున బ్యాచీకి నేను లినక్స్ చెప్పేదాన్ని, సాయంత్రం బ్యాచీకి శ్రీనివాస్. తెనాలి దగ్గరి ఊరు ఆయనది. నన్ను విజయగారూ అనేవాడు, కుర్చీ లాక్కుని కూర్చోవాలన్నా కుర్చీకి కూడా అండి తగిలించేవాడేమో అనిపించేది. గది కోసం వెతుకుతుంటే నేనే పెద్దమ్మకి చెప్పాను. పైగదిలో దిగాడు. తన వంట తనే చేసుకునేవాడు. ఏడున్నరకల్లా పైనుంచి గోంగూర, ఎండుమిర్చి పోపు ఘాటు దిగి వచ్చి మమ్మల్నిద్దరినీ తుమ్మించేది. మనిషి ఇంత సల్లగుంటడు, మిరపకాయలు గన్ని ఎట్ల తింటడు అని పెద్దమ్మకి ఆశ్చర్యం. నేను మాత్రం పాతికేళ్ళు వచ్చినా పొయ్యి దగ్గరికి పోయేదాన్ని కాదు. అందరూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నా: లేదు, ఏమీ లేదు. మా ఇద్దరి మధ్య ఉన్నదల్లా ఒక మెయిల్ సర్వర్.

ఆ మెయిల్ సర్వర్ అంతకుముందు ఒకే ముద్ద. కొత్త వెర్షన్లో దాన్ని రాసినవాళ్ళే ముక్కలు ముక్కలుగా చేశారు. నడిమధ్యన మూల భాగం ఒకటి, చుట్టూ మాడ్యూళ్ళు: చెత్త ఉత్తరాలు ఏరేది ఒకటి, చిరునామాలు వెతికేది ఒకటి, ఇలా పద్నాలుగు. కావలసినవాళ్ళు కావలసినవి తగిలించుకోవచ్చు. ఇప్పుడు దీన్ని మేము ఒకే ప్యాకేజీగా కట్టాలా, పద్నాలుగు వేరు వేరు ప్యాకేజీలుగా కట్టాలా? ఒకటే ఉండాలని నేను, విడగొట్టాలని శ్రీనివాస్. అవి ఎలాంటి రోజులో మీకు తెలుసు. పొద్దున క్లాసు బందయితే నేను ప్రత్యేక రాష్ట్రం కావాలని ర్యాలీకి పోయి గొంతు పోగొట్టుకుని వచ్చేదాన్ని, వచ్చి ఆ పోయిన గొంతుతోనే సర్వర్‌ని విడగొట్టడానికి వీల్లేదని ఆయనతో కొట్లాడేదాన్ని. పెద్దమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ అంతా వినేది. ఒకనాడు, మీరిద్దరు జెండాలు మార్సుకొని తిరుగుతున్నరు బిడ్డా, అంది. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నేను ఓడిపోయినట్టు లెక్క. విడగొట్టాం.

కొత్తవాళ్ళు కట్టిన ప్యాకేజీని సంతలోకి నేరుగా పోనివ్వరు. అనుభవమున్న ఒకరు విప్పి చూసి బాగుందంటేనే లోపలికి. మాకు దొరికినాయన యూరప్‌లో ఎక్కడో ఉండేవాడు. మేము మొహం చూడలేదు, గొంతు వినలేదు. రాత్రీ పగలూ కూర్చుని చేసి పంపితే రెండు వాక్యాల్లో వంక పెట్టి తిప్పి పంపేవాడు. ఆయనకి అత్తగారు అని పేరు పెట్టాం. అత్తగారు మా పద్నాలుగు ముక్కల్నీ మూడుసార్లు వెనక్కి కొట్టింది. చిరునామాల మాడ్యూలు మీ మెషిన్లో ఉంది కాబట్టి నడుస్తోంది, ఖాళీ మెషిన్లో పెట్టి చూడండి అని మూడుసార్లూ అదే మాట. నాకు కోపం. మా మెషిన్లో శుభ్రంగా నడుస్తోంది కదా, ఈవిడకేం నొప్పి? కరెంటు పోయేది, యూపీఎస్ కూకూ అని మొత్తుకునేది, ఆ పిట్టను ఆర్పుండ్రి అని పెద్దమ్మ కింది నుంచి అరిచేది. ఆ చీకట్లో ఉక్కపోతలో కూర్చుని ఇద్దరం అత్తగారిని ఆడిపోసుకునేవాళ్ళం.

అలాంటి ఒక మధ్యాహ్నం కరెంటు లేక వసారాలో కూర్చుంటే, ఏంది మీ లొల్లి అని అడిగి, మొత్తం విని, పెద్దమ్మ తన అసలు అత్తగారి సంగతి చెప్పింది. ఊళ్ళో పెద్దబాపూ ఆయన అన్నా వేరు పడ్డప్పుడు, గిన్నెలూ గింజలూ అన్నీ పంచాక, ఆ ముసలామె ఇద్దరు కోడళ్ళనీ ఊరికే పంపలేదట. కొత్త గుడిసెలో ఎవరి భాగం వాళ్ళకి పెట్టి, బయట నుంచి తలుపు వేసి, ఇప్పుడొక పూట వంట చెయ్యమందట. ఇచ్చినవాటితోనే చెయ్యాలి. లోపల్నుంచి ఏది లేదని కేకేస్తే అది అప్పుడు ఇచ్చేది, భాగంలో కలిపేది. పూట వంట పూర్తయ్యేదాకా తలుపు తీసేది కాదు. మా పెద్దమ్మ పప్పు పొయ్యి మీద పెట్టాక గానీ గంటె లేదని చూసుకోలేదట. పాత ఇంట్లో గంటె ఎప్పుడూ గోడకే ఉండేది, అడగాలని తోచనే లేదు. ముసలామె గంటె లోపలికి అందించి, రేపు నువ్వు నా గడప తొక్కి గంటె అడిగితే నీకూ నాకూ ఇద్దరికీ నామోషీ అందట. నేనూ శ్రీనివాస్ మొహమొహాలు చూసుకున్నాం. యూరప్ అత్తగారు మూడు ఉత్తరాల్లో చెప్పలేనిది నల్లగొండ అత్తగారు ఒక గంటెతో చెప్పింది.

ఆ ఖాళీ గుడిసె లాంటిది మా పనిలోనూ ఉంది. మెషిన్ లోపలే ఏమీ లేని చిన్న మెషిన్‌ని పుట్టించి, మన ప్యాకేజీని అందులో పెట్టి తలుపు వేయొచ్చు. మా కేబుల్ నెట్టుకి దాన్ని దించడానికే ఒక రోజంతా పట్టింది. తలుపు వేయగానే చిరునామాల మాడ్యూలు గొల్లుమంది. దానికి కావలసిన లైబ్రరీ ఒకటి ఇంకేదో పనికి మా ఇద్దరి మెషిన్లలోనూ ఎప్పుడో దిగి కూర్చుంది, అందుకని లోటు తెలియలేదు. జాబితాలో ఒక్క మాట కలిపి పంపాం. అత్తగారి నుంచి ఒకే పదం వచ్చింది, సరే అని. పెద్దమ్మ ఆ రోజు పరమాన్నం చేసింది. నాకు మాత్రం ఆ రోజు నుంచీ కాళ్ళు నేల మీద ఆనలేదు. నియమాల పుస్తకం మొత్తం నమిలేశాను. అందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది: ప్రతి మెషిన్లోనూ ఎలాగూ ఉండే మూల సరుకుల్ని జాబితాలో రాయకూడదు. రాస్తే తెలివితక్కువ కింద లెక్క. ఆ నియమం పట్టుకుని నేను శ్రీనివాస్ రాసిన ప్రతి జాబితానీ తెగ కొట్టేసేదాన్ని, ఆయన తల ఊపేవాడు.

మా పక్కింట్లో యాదగిరి మామ ఉండేవాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో సందులో అందరూ ఆయన్నే అడిగేవాళ్ళు, ఆయన ఆకాశం వైపు చూసి చెప్పేవాడు, సగం తప్పయ్యేది. ఏటా వినాయకుడి నిమజ్జనం నాడు బాలాపూర్ లడ్డూ వేలానికి పోయి వచ్చి, పాట తనే పాడినట్టు వారం రోజులు చెప్పేవాడు. నవ్వించే మనిషే. కానీ ఆ ఏడాది ఆయన మేనల్లుడు విద్యార్థుల ఊరేగింపులో లాఠీ దెబ్బకి చెయ్యి విరగ్గొట్టుకుని దవాఖానలో పడ్డాడు. అప్పటి నుంచీ ఆయనకి నవ్వు పోయింది. మా బస్తీ కమిటీకి ఆయనే పెద్ద. ఒకనాడు వసారాలో కూర్చుని, పైకి వినబడుతుందని తెలిసే, అక్కా ఆ ఆంధ్రా పిలగాన్ని ఇంక ఎన్ని దినాలు పెట్టుకుంటవ్, నెల దాటంగనే ఖాళీ చేయించు, నలుగురు నన్ను అడుగుతున్నరు, అన్నాడు. పెద్దమ్మ వెంటనే కాదనలేదు. ఆయన మేనల్లుడికి రోజూ జొన్నరొట్టెలు పంపేది తనే. చివరికి, ఐతారం మన బస్తీ వంట ఉంది గదా, ఆ పని ఈ పిలగానికే చెప్తా, మన పని ఎట్ల చేస్తడో సూసి అప్పుడు మాట్లాడుదం, అంది. యాదగిరి మామ సరే అన్నాడు.

గది పోతే శ్రీనివాస్‌కి ఏం పోతుందో నాకు తెలుసు. అప్పట్లో టూలెట్ బోర్డు ఉన్న ఏ ఇంటి ముందు నిలబడ్డా ముందు అడిగేది ఏ ఊరు అనే. పోనీ తనవాళ్ళున్న కాలనీకి పోదామంటే అక్కడి కిరాయిలు ఆయన జీతానికి అందవు. ఇంటి నుంచి వారానికి రెండుసార్లు ఫోను, వచ్చేసెయ్, మామయ్య ఎరువుల కొట్లో కూర్చో అని. ఈ గది పోతే ఆయన తెనాలి బస్సెక్కాల్సిందే, సర్వర్లూ లేవు, ప్యాకేజీలూ లేవు. ఆయన మాత్రం, సరుకుల లిస్టు బాగా రాద్దామండి అన్నాడు అంతే.

వంట అంటే ఇంట్లో వంట కాదు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే పంక్తిలో కూర్చుని తిని, బండి కదలకుండా రాష్ట్రం కోసం చేసే వంటా వార్పు. ఒక్కో బస్తీకి ఒక్కో పొయ్యి. ఎవరి అన్నం ముందు ఉడికింది, ఎవరి పప్పు బాగుంది అని లోలోపల పోటీ. శ్రీనివాస్ ఇన్‌స్టిట్యూటు కంప్యూటర్లో కూర్చుని జాబితా టైపు చేశాడు. బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కారం, పసుపు, ఉప్పు, నీళ్ళు, అగ్గిపెట్టె, డేగిషాలు, గంటెలు. మనిషికి ఎంత, మొత్తానికి ఎంత, అన్నీ పద్ధతిగా. నేను వెనక నిలబడి చూసి, కుర్చీలోంచి ఆయన్ని లేపి, ఉప్పూ నీళ్ళూ అగ్గిపెట్టే కొట్టేశాను. ఇవి లేని ఇల్లు ఉంటుందా, మూల సరుకులు రాయకూడదని తెలియదా అన్నాను. ఆయన కొంచెం గొణిగాడు. అదీ నిజమేననుకోండి, కానీ అని ఏదో అనబోయాడు. నియమం నియమమే అన్నాను. ఇక్కడ ఇల్లే లేదనీ, రోడ్డు మీద వండుతున్నామనీ, ఇంత చదువుకున్న నాకు తోచలేదు. ఆయన ప్రింటు తీసి, ఆ కాగితం పట్టుకుని చంపాపేటకి పోయి సరుకులు తెచ్చి, ఆటోలో ఎక్కించి, ఒక్కో దానికీ టిక్కు పెట్టాడు. ఆటో దగ్గరికి వచ్చిన పెద్దమ్మ కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి, అంతా రాసినట్టేనా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. అంతా రాసినట్టే అన్నది నేనే.

ఆదివారం రోడ్డు చూడాలి మీరు. డప్పులు, పాటలు, ఎండ, చింతపులుసు మరుగుతున్న వాసన, బతుకమ్మ నాడు కట్టిన చీరలు మళ్ళీ కట్టిన ఆడవాళ్ళు. నీళ్ళకి లోటు రాలేదు, ఎవరో ట్యాంకరు పెట్టించారు. అగ్గిపెట్టెకీ లోటు రాలేదు, బీడీ తాగే మగవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. పప్పు దించే వేళకి పెద్దమ్మ చెయ్యి చాపి ఉప్పు అంది. ఎవరూ కదలలేదు. ఉప్పేదే అంది మళ్ళీ. సంచులన్నీ బోర్లించారు. ఆదివారమూ బందూ కలిసి ఒక్క షాపు తెరిచి లేదు. పది గజాల దూరంలో పక్క బస్తీ పొయ్యి దగ్గర బస్తాడు ఉప్పుంది, కనబడుతూనే ఉంది. కానీ యాదగిరి మామ అడగనివ్వలేదు. వాళ్ళ కాడికి పోయి ఉప్పడిగితే మన ఇజ్జత్ ఏంగావాలె అన్నాడు. అని, శ్రీనివాస్ వైపు తిరిగాడు. లిస్టు నువ్వే తెచ్చినవ్ గదా, ఉప్పు లేని వంట ఎక్కడన్న ఉంటదా, మర్సిపోయినవా, లేక మమ్ముల నలుగుట్ల నవ్వుల పాలు చేద్దామనా, అని నెమ్మదిగానే అడిగాడు. అరిచినా బాగుండేది. డప్పు ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు.

నేను అక్కడే ఉన్నాను. రెండడుగుల దూరంలో, చేతిలో ఉల్లిగడ్డల బుట్టతో. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. ర్యాలీలో అంత గొంతు పెట్టుకుని అరిచినదాన్ని, నాకు మాట రాలేదు. శ్రీనివాస్ నా వైపు ఒక్కసారైనా చూసినా చెప్పేసేదాన్నేమో. చూడలేదు. మర్చిపోయానండి, నాదే తప్పు, ఇప్పుడే తెస్తాను, అని గంజి వార్చే గిన్నె ఒకటి తీసుకుని మా సందు వైపు పరుగు తీశాడు.

బందు రోజు ఎండలో, తెనాలి యాసతో, ఇల్లిల్లూ తిరిగి ఉప్పు అడిగాడు. ఇళ్ళల్లో ముసలివాళ్ళే ఉన్నారు, మిగతా అందరం రోడ్డు మీద ఉన్నాం. ఒకామె రాళ్ళ ఉప్పు, ఒకామె సన్న ఉప్పు, ఒకామె పచ్చడి కోసం దంచి పెట్టుకున్న ఉప్పు, కాసింత కారం అంటుకుని ఎర్రగా. మూడొంతులు నిండిన గిన్నె మీద రుమాలు కప్పుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. యాదగిరి మామ అందుకోవడానికి చెయ్యి చాపాడు. పెద్దమ్మ మధ్యలో గంటె అడ్డం పెట్టింది. ఉప్పు చేతిల నుంచి చేతికి తీసుకుంటే పంచాయితీ అయితదని తెల్వదా యాదగిరీ, కింద పెట్టనియ్యి, ఉన్న కొట్లాట సాలదా మనకు, అంది. జనం గొల్లున నవ్వారు. శ్రీనివాస్ గిన్నె తారు రోడ్డు మీద పెట్టాడు, యాదగిరి మామ వంగి తీసుకున్నాడు. పప్పు బ్రహ్మాండంగా ఉందన్నారు అందరూ. ఎన్ని రకాల ఉప్పు పడిందో దాంట్లో. కానీ చెయ్యి కడుక్కుంటూ యాదగిరి మామ అన్న మాట నాకు వినబడింది: మర్సిపోయిండో, మర్సినట్టు చేసిండో, నెల దాటనియ్యి.

ఇంటికి వచ్చి, చీర కూడా మార్చకుండా పెద్దమ్మకి చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. ఆమె కాళ్ళు చాపుకుని మడమలకి ఆముదం రాసుకుంటోంది, తలెత్తలేదు. నాకెర్కనే, అంది. దినాం వండుకొని తినేటోడు ఉప్పు మర్వడు. జన్మల పొయ్యి ముట్టియ్యనోళ్ళే మరుస్తరు. సెప్తవా సెప్పవా అని సూస్తున్న. తర్వాత శిక్ష వేసింది. అడుక్కొచ్చిన ఉప్పు బాకీ ఉంచుకోకూడదు, తిరిగి ఇవ్వాలి. కాబట్టి మర్నాడు పొద్దున నేను ఒక బస్తా ఉప్పు కొని, శ్రీనివాస్ తిరిగిన ప్రతి ఇంటికీ తిరిగి, గడపలో తవ్వెడు ఉప్పు పోసి, అది లిస్టులోంచి కొట్టేసింది నేనే అని చెప్పి రావాలి. ఊకె ఇచ్చి రావుడు కాదు, సెప్పి రావాలె, అంది.

ఇరవై రెండు ఇళ్ళు. మొదటి ఇంట్లో చెప్పడానికి పావుగంట నీళ్ళు నమిలాను. అయిదో ఇంటికి వచ్చేసరికి మాట నలిగింది. పదో ఇంట్లో ముసలామె, ఎందుకు కొట్టేసినవ్ బిడ్డా అని అడిగితే, ప్రతి ఇంట్లో ఉండే సరుకు రాయొద్దని రూలుందని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, గంత సదువు సదివి గిదా అంది. ఇంటికొకరు ఆ మాట ఏదో ఒక తీరున అన్నారు. ఇరవై రెండు రకాలుగా తిట్లు తిన్న ప్యాకేజర్ ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

యాదగిరి మామ ఇల్లు చివరికి పెట్టుకున్నాను. ఆయన లుంగీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఉప్పు పోసి, చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. మరి ఆ పిలగాడు ఎందుకు ఊకున్నడు, అన్నాడు. నేను గన్ని మాటలంటుంటె, నేను కాదని ఒక్క మాటంటె ఒడిసిపోవు గదా. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆయన లేచి లోపలికి పోతూ, గడప దగ్గర ఆగి, మల్ల ఐతారం నాగోల్ దిక్కు ఇంకో వంట ఉన్నది, లిస్టు ఆ పిలగాన్నే రాయమను, నువ్వు దాన్ని ముట్టకు, అన్నాడు. గది సంగతి ఎత్తలేదు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

శ్రీనివాస్ ఆ గదిలో ఇంకో మూడేళ్ళు ఉన్నాడు, రాష్ట్రం వచ్చిన రోజు మా సందులో స్వీట్లు పంచినవాళ్ళలో ఆయనా ఉన్నాడు, పంచమని డబ్బా చేతికిచ్చింది యాదగిరి మామ. ఇప్పుడు ఆ రోడ్డు మీద మెట్రో పోతుంది, మేము పొయ్యి పెట్టిన చోట స్తంభం లేచింది. టూలెట్ బోర్డుల ముందు ఏ ఊరని అడగడం తగ్గింది, వేరే ప్రశ్నలు వచ్చాయి, అవి ఇంకా మర్యాదగా అడుగుతారు. ఇల్లిల్లూ తిరిగి ఉప్పడిగితే ఇప్పుడు ఎవరిస్తారు, పది నిమిషాల్లో ఫోనులోనే తెప్పించుకుంటారు. అది మంచిదే, నేనూ అలాగే తెప్పించుకుంటాను. కానీ ఒక తప్పు చేసి ఇరవై రెండు గడపల్లో దాన్ని ఒప్పుకోవాల్సి రావడం మా అమ్మాయికి ఎప్పుడూ రాదు. నాకు అది జరిగినందుకు ఇప్పుడు సంతోషమే, అప్పుడు చచ్చే చావయింది.

ఉప్పు పంచి వచ్చిన ఆ మధ్యాహ్నం ఖాళీ బస్తా చేత్తో పట్టుకునే పైకి వెళ్ళాను. శ్రీనివాస్ బెండకాయలు తుడిచి పక్కన పెట్టుకుంటున్నాడు. వచ్చే వారం వంట సంగతి చెప్పాను. మంచిదండి అన్నాడు. అప్పుడు యాదగిరి మామ అడిగిన మాటే అడిగాను, కొంచెం కోపంగానే. నిన్న ఎందుకు ఊరుకున్నారు మీరు, విజయ కొట్టేసిందని ఎందుకు చెప్పలేదు?

"మీ పేరు చెప్తే మీవాళ్ళు మిమ్మల్ని తిట్టేవాళ్ళండి," అన్నాడు బెండకాయ తుడుస్తూనే. "నన్నెలాగూ రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంటారు కదా. అలవాటైపోయింది. దాంట్లో ఉప్పు కూడా కలిస్తే నాకేం కొత్త?"

మామూలుగా చెప్పాడు, బస్సు లేటుగా వస్తుందని చెప్పినట్టు. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే సర్వర్ మీద పని చేశాం. బస్సులో, షాపులో, సందు మొదట్లో ఆయన్ని అనే మాటలు నేనూ వినేదాన్ని. అవి ఎలాగూ ఉండేవే కదా అని నాకు పట్టనే లేదు. నాకు అంత సిగ్గు మళ్ళీ ఎప్పుడూ వేయలేదు. కత్తిపీట ముందు కూర్చుని, ఎలా తరగాలో చెప్పండి అన్నాను. ఆయన ఒక కాయ తరిగి చూపించి, మిగతావి నా వైపు జరిపాడు.